ఫీజు లేని పాఠం: స్వరకర్త విలియం గ్రాంట్ స్టిల్ జీవితం



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని తమ్ముళ్ళు అడిగారు. ప్రతి ఏడాదీ అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి రాసుకుంటూనే ఉన్నాం. రాసుకోవాలి కూడా. ఈసారి మాత్రం మన సంచికలో ఇంతవరకు పేరు రాని ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయన నాయకుడు కాదు, శాస్త్రవేత్త కాదు. సంగీతం రాసిన మనిషి. అమెరికాలో నల్లజాతి స్వరకర్తలందరికీ పెద్ద అని పేరు పొందిన విలియం గ్రాంట్ స్టిల్.

నాకు సంగీతం రాదు. మా నాన్న డప్పు కొడతాడు, అంతే నాకున్న సంబంధం. యూనివర్సిటీ లైబ్రరీలో వేరే పుస్తకం కోసం వెతుకుతుంటే ఈయన జీవితం చేతికి దొరికింది. చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. ఎందుకు ఆగానో చివర్లో చెబుతాను.

బాల్యం

స్టిల్ 1895 మే 11న మిసిసిపీ రాష్ట్రంలోని వుడ్‌విల్ అనే చిన్న ఊళ్ళో జన్మించారు. అమెరికాలో బానిసత్వం చట్టప్రకారం రద్దయి అప్పటికి 30 ఏళ్ళు. చట్టం మారింది గాని దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారికి బడి వేరు, రైలు పెట్టె వేరు, నీళ్ళ కుళాయి వేరు. ఈ సంగతి మనకు విడమరిచి చెప్పనక్కరలేదు.

బిడ్డకు మూడు నెలల వయసులోనే తండ్రి చనిపోయారు. ఆయన ఊరి బ్యాండు మేళం నడిపిన సంగీతప్రియుడు. తల్లి క్యారీ టీచర్. బిడ్డను చంకనేసుకుని ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ పట్టణానికి వచ్చి, అక్కడ హైస్కూల్లో పాఠాలు చెబుతూ కొడుకును పెంచారు. ఇంట్లో అమ్మమ్మ పని చేసుకుంటూ భక్తి పాటలు పాడేది. బానిసలుగా బతికిన తరం నోటి నుంచి నోటికి అందించిన పాటలవి. పిల్లవాడి చెవిలో పడిన మొదటి సంగీతం అదే.

తర్వాత తల్లి రెండో పెళ్ళి చేసుకున్నారు. సవతి తండ్రి చార్లెస్ షెపర్‌సన్ తపాలా శాఖలో గుమాస్తా. సవతి తండ్రి అనగానే మన కథల్లో వేరే బొమ్మ కనిపిస్తుంది గాని ఈయన అలాంటివాడు కాదు. జీతంలో మిగిల్చి గ్రామఫోన్ రికార్డులు కొనేవాడు, పిల్లవాణ్ణి సంగీత నాటకాలకు తీసుకుపోయేవాడు. ఆ రికార్డుల్లో ఐరోపా ఒపెరాలు వింటూ స్టిల్ పెరిగారు. ఒక చెవిలో అమ్మమ్మ పాట, ఇంకో చెవిలో ఒపెరా. ఈ రెండూ ఒకే మనిషిలో కలిశాయని గుర్తుపెట్టుకోండి.

అమ్మ కోరిక

1911లో హైస్కూలు ముగించి, 16 ఏళ్ళ వయసులో ఒహాయో రాష్ట్రంలోని విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో చేరారు. నల్లవారి కోసం ఏర్పడిన పాత విశ్వవిద్యాలయాల్లో అది ఒకటి. సైన్సు గ్రూపు తీసుకున్నారు, ఎందుకంటే కొడుకు డాక్టరు కావాలని అమ్మ కోరిక.

ఆ కోరికలో తప్పు లేదు. ఆ రోజుల్లో నల్లవాడు సంగీతం నేర్చుకుంటే సారా దుకాణాల్లో వాయించుకోవడం తప్ప గౌరవంగా బతికే దారి ఆమెకు కనిపించలేదు. డాక్టరయితే నలుగురూ నమస్కారం పెడతారు. మన ఇళ్ళల్లో అమ్మలు నీట్ ర్యాంకు కోసం మొక్కుకోవడం కూడా ఆ భయంతోనే కదా.

అదే సమయంలో, 1913లో, బరోడా మహారాజా ఇచ్చిన ఉపకార వేతనంతో అంబేద్కర్ గారు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఇద్దరూ ఒకరికొకరు తెలియదు. కానీ ఒకే దేశంలో, ఒకే కాలంలో, తమను దూరంగా పెట్టిన లోకంలోని చదువును సంపాదించుకోవాలని కూర్చున్న ఇద్దరు విద్యార్థులు వాళ్ళు.

విల్బర్‌ఫోర్స్‌లో స్టిల్ మనసు సైన్సు మీద నిలవలేదు. కాలేజీ బ్యాండులో చేరారు, తర్వాత ఆ బ్యాండును నడిపించారు. బ్యాండుకు పాటలు అమర్చి రాయాలంటే ప్రతి వాద్యం సంగతీ తెలియాలి. వయొలిన్ ముందే నేర్చుకున్నారు. క్లారినెట్, ఓబో, చెల్లో వంటివి చాలావరకు సొంతంగా పట్టుకుని నేర్చుకున్నారు. లండన్‌లో పేరు పొందిన ఆఫ్రికా సంతతి స్వరకర్త శామ్యూల్ కోల్‌రిడ్జ్-టేలర్ ఆయనకు ఆదర్శం. జుట్టు కూడా ఆయనలాగే పెంచాలని చూశారట. మనం హీరోల క్రాఫు చేయించుకోలేదా!

చివరికి 1915లో పట్టా చేతికి రాకుండానే కాలేజీ వదిలేశారు. అదే ఏడాది పెళ్ళి కూడా అయింది. బ్యాండుల్లో వాయించి బతకడం మొదలుపెట్టారు. 1916లో మెంఫిస్ పట్టణంలో డబ్ల్యు. సి. హ్యాండీ దగ్గర పని దొరికింది. బ్లూస్ అనే నల్లవారి పాటలను కాగితం మీద రాసి అచ్చు వేయించి లోకానికి తెలియజేసినవారిలో హ్యాండీ ముఖ్యుడు. అక్కడ స్టిల్ బ్లూస్‌ను దగ్గరగా విన్నారు.

ఓబర్లిన్‌లో జరిగిన సంగతి

21 ఏళ్ళు నిండాక తండ్రి మిగిల్చిన కొద్దిపాటి సొమ్ము స్టిల్ చేతికి వచ్చింది. ఆ డబ్బుతో 1917లో ఒహాయోలోనే ఉన్న ఓబర్లిన్ కాలేజీ సంగీత విభాగంలో చేరారు. నల్లజాతి విద్యార్థులను 1835 నుంచే చేర్చుకుంటున్న కాలేజీ అది. సొమ్ము ఎంతో కాలం నిలిచేది కాదు. ఏదో ఒక పని చేసుకుంటూ చదవాల్సి వచ్చింది.

సంగీత సిద్ధాంతం చెప్పే లేమన్ అనే అధ్యాపకుడు ఒక అభ్యాసం ఇచ్చారు. నల్లజాతి కవి పాల్ లారెన్స్ డన్‌బార్ రాసిన ఒక కవితకు స్టిల్ బాణీ కట్టి తెచ్చారు. అది చూసి లేమన్ ఆశ్చర్యపోయి, స్వరరచన ఎందుకు నేర్చుకోవడం లేదని అడిగారు. డబ్బు లేదని స్టిల్ ఉన్న మాట చెప్పారు.

లేమన్ ఆ మాట విని ఊరుకోలేదు. తన తోటి అధ్యాపకుల సంఘం ముందు పెట్టారు. వాళ్ళంతా కలిసి ఈ విద్యార్థికి స్వరరచన పాఠాలు ఉచితంగా చెప్పాలని నిర్ణయించారు. చెప్పే బాధ్యత జార్జ్ విట్‌ఫీల్డ్ ఆండ్రూస్ అనే పెద్ద అధ్యాపకునికి అప్పగించారు.

ఇక్కడ ఆ పాఠం ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. స్వరరచనలో పై స్థాయి చదువు మన క్లాసు లాంటిది కాదు. అరవై మంది బెంచీల మీద కూర్చుని నోట్సు రాసుకునేది కాదు. గదిలో గురువు ఒకరు, శిష్యుడు ఒకడు, ఒక పియానో. శిష్యుడు ఆ వారం తాను రాసిన కాగితాలు తెచ్చి గురువు ముందు పెడతాడు. గురువు పియానో మీద వాయించి చూస్తాడు, పెన్సిలుతో గుర్తులు పెడతాడు. ఈ రెండు స్వరాలు పక్కపక్కన ఎందుకు పెట్టావు, ఇక్కడ బాణీ ఎందుకు ఆగింది, ఈ వాద్యం ఇంత కింది స్వరం పలుకుతుందా అని అడుగుతాడు. ఉదాహరణకు మామూలుగా వాడే క్లారినెట్‌కు కాగితం మీద ఒక స్వరం రాస్తే, వినిపించేది దానికంటే ఒక మెట్టు కిందిది. ఇలాంటివి ఒక్కో వాద్యానికి ఒక్కోటి. అన్నీ కలిపి ఆర్కెస్ట్రాకు రాస్తే, ఒక్క పేజీలో ఇరవై వరసలు ఉంటాయి.

అందుకే ఆ చదువుకు ఖర్చు ఎక్కువ. ఒక గురువు గంటసేపు ఒక్కడికే ఇవ్వాలి. ఆ గంటలో తప్పించుకోవడానికి వీలుండదు. పక్కవాడి నోట్సు చూసి రాయడానికి పక్కవాడే లేడు. తాను రాసింది తెస్తేనే పాఠం, తేకపోతే పాఠమే లేదు.

ఆ అవకాశం ఎంతో కాలం సాగలేదు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. 1918లో స్టిల్ నౌకాదళంలో చేరారు. నల్లవారికి అక్కడ దొరికేది ఎక్కువగా భోజనశాలలో వడ్డించే పని. ఆయనకూ అదే ఇచ్చారు. వయొలిన్ వచ్చని తెలిశాక తెల్ల అధికారులు భోంచేస్తుంటే వాయించమన్నారు. యుద్ధం అయిపోయాక ఓబర్లిన్‌కు వెళ్ళి కొద్దికాలం చదివి, 1919లో న్యూయార్క్‌లో హ్యాండీ దగ్గర మళ్ళీ పనిలో చేరారు.

రెండో గురువు, మూడో గురువు

1921లో న్యూయార్క్‌లో షఫుల్ అలాంగ్ అనే సంగీత నాటకం వచ్చింది. రాసింది, ఆడింది, పాడింది అందరూ నల్లవారే. దాని వాద్యబృందంలో స్టిల్ ఓబో వాయించేవారు. 1922లో ఆ నాటకం బోస్టన్ నగరానికి వెళ్ళినప్పుడు, అక్కడి న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలకు వెళ్ళి, దాని డైరెక్టరు జార్జ్ ఛాడ్విక్ దగ్గర పాఠాలు కావాలని అడిగారు. ఛాడ్విక్ అప్పటికి దాదాపు 68 ఏళ్ళ పెద్దమనిషి, దేశమంతా పేరున్న స్వరకర్త. రాత్రి నాటకంలో వాయించి సంపాదిస్తున్న రోజులు కాబట్టి ఫీజు కడతానని స్టిల్ అన్నారు. ఛాడ్విక్ తీసుకోలేదు. ఐరోపా వాళ్ళను అనుకరించకుండా అమెరికా మట్టిలో పుట్టిన సంగీతం రాయాలన్న ఆలోచన ఆయన దగ్గర గట్టిపడింది.

న్యూయార్క్ తిరిగి వచ్చాక స్టిల్ నల్లవారు నడిపే బ్లాక్ స్వాన్ రికార్డు కంపెనీలో పనిచేశారు. 1923లో ఆ కంపెనీ యజమాని హ్యారీ పేస్‌కు ఒక ఉత్తరం వచ్చింది. ఎడ్గార్ వరేజ్ అనే ఫ్రెంచి స్వరకర్త, ప్రతిభ ఉన్న నల్లజాతి యువకుడు ఎవరైనా ఉంటే ఉచితంగా నేర్పుతానని రాశారు. అలాంటివారు ఎవరూ తెలియదని పేస్ జవాబు రాయిస్తుండగా స్టిల్ అనుకోకుండా ఆ గదిలోకి వెళ్ళారు. సంగతి విని ఆ అవకాశం తనకే కావాలన్నారు. అలా దొరికింది మూడో గురువు.

వరేజ్ పాత పద్ధతులన్నీ పగలగొట్టినవాడు. చెవికి ఇంపుగా ఉండాలన్న నియమాన్నే ఒప్పుకోనివాడు. రెండేళ్ళ పాటు స్టిల్‌కు నేర్పారు. కొత్తగా ఆలోచించే ధైర్యం ఇచ్చారు. పెద్ద పెద్ద వాద్యబృంద నిర్వాహకులకు పరిచయం చేశారు.

1925లో స్టిల్ రాసిన ఒక కృతిని న్యూయార్క్‌లో వినిపించారు. అది అచ్చం వరేజ్ రాసినట్టుందని విమర్శకులు పెదవి విరిచారు. స్టిల్ బాధపడ్డారు గాని ఆలోచించారు కూడా. గురువు ఇచ్చిన పనిముట్లు మంచివే. కానీ వాటితో గురువు ఇంటినే మళ్ళీ కట్టడం దేనికి? అమ్మమ్మ పాట ఏమైంది? మెంఫిస్‌లో విన్న బ్లూస్ ఏమయ్యాయి?

బ్లూస్‌ను సింఫనీలో కూర్చోబెట్టినవాడు

బ్లూస్ అంటే పొలాల్లో, రైలు పట్టాల పక్కన, సారా దుకాణాల్లో పుట్టిన పాట. సాధారణంగా మూడు పాదాలు. మొదటి పాదమే రెండోసారి వస్తుంది, మూడోది దానికి జవాబు. మొత్తం 12 తాళ భాగాలు. మూడో స్వరాన్ని, ఏడో స్వరాన్ని కొంచెం కిందికి వంచి పాడతారు, ఏడుపు గొంతులో ఉన్నట్టు. చదువుకున్న నల్లవారిలో కూడా చాలామంది ఆ పాటను చిన్నచూపు చూసేవారు. మన వాడల్లో చదువుకున్నవాళ్ళం డప్పు చప్పుడు వినబడితే ఒకప్పుడు పక్కకు తప్పుకున్నట్టే.

1930లో స్టిల్ ఆఫ్రో-అమెరికన్ సింఫనీ రాశారు. సింఫనీ అంటే ఐరోపా సంగీతంలో పెద్ద పీట. దాదాపు వందమంది వాయించే ఆర్కెస్ట్రాకు రాసే నాలుగు భాగాల రచన. ఆ పీట మీద ఆయన బ్లూస్‌ను కూర్చోబెట్టారు. సింఫనీకి మూలమైన బాణీయే 12 భాగాల బ్లూస్. మూడో భాగంలో బాంజో వాద్యం కూడా పెట్టారు. బానిసల చేతుల్లో పెరిగిన వాద్యం అది. ఒక్కో భాగానికి డన్‌బార్ కవితల నుంచి కొన్ని పాదాలు జతచేశారు. కోరిక, దుఃఖం, హాస్యం, ఆశయం అని నాలుగు భాగాలకు భావాలు పెట్టుకున్నారు.

1931 అక్టోబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో హోవర్డ్ హాన్సన్ నిర్వహణలో దాన్ని వినిపించారు. ఒక ప్రముఖ ఆర్కెస్ట్రా వాయించిన నల్లజాతి స్వరకర్త సింఫనీ అదే మొదటిది. 1935లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ కూడా వాయించింది.

తర్వాతి జీవితం

1934లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. లాస్ ఏంజెలెస్‌కు మారి అక్కడే ఉండిపోయారు. 1936లో హాలీవుడ్ బౌల్ అనే పెద్ద ఆరుబయలు వేదిక మీద లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్‌తో తన కృతులు వాయింపజేశారు. అమెరికాలో పెద్ద ఆర్కెస్ట్రాను నడిపించిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. ఓబర్లిన్‌లో డబ్బు లేదని చెప్పుకున్న విద్యార్థి ముందు, పందొమ్మిదేళ్ళ తర్వాత, ఆర్కెస్ట్రా మొత్తం చేతి సైగ కోసం చూస్తూ కూర్చుంది.

అన్నీ గెలుపులే అని రాస్తే అబద్ధమవుతుంది. మొదటి పెళ్ళి నిలవలేదు. 1939లో పియానో వాద్యకారిణి, రచయిత్రి అయిన వెర్నా ఆర్వీని పెళ్ళి చేసుకున్నారు. ఆమె తెల్లజాతి స్త్రీ. కాలిఫోర్నియా చట్టం అలాంటి పెళ్ళిని ఒప్పుకోదు కాబట్టి సరిహద్దు దాటి మెక్సికోలో చేసుకోవాల్సి వచ్చింది. 1943లో వచ్చిన స్టార్మీ వెదర్ అనే సినిమాకు సంగీత బాధ్యత ఒప్పుకుని, నల్లవారిని తక్కువ చేస్తున్న తీరు నచ్చక వదిలేసి వచ్చారు. మంచి జీతం వదులుకున్నారు.

హైతీ దేశపు బానిసల తిరుగుబాటు మీద ట్రబుల్డ్ ఐలండ్ అనే ఒపెరా రాశారు. పాటలు ఎక్కువగా కవి లాంగ్‌స్టన్ హ్యూస్ రాశారు. అది వేదిక ఎక్కడానికి ఏళ్ళు పట్టింది. 1949లో న్యూయార్క్ సిటీ ఒపెరా ప్రదర్శించింది. పెద్ద సంస్థ ఒకటి నల్లజాతి స్వరకర్త ఒపెరాను ప్రదర్శించడం అదే మొదలు. అయితే ముఖ్య పాత్రల్లో కొందరు తెల్లవారు ముఖానికి నల్లరంగు పూసుకుని పాడారు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టినా విమర్శకులు మెచ్చలేదు. కొద్ది ప్రదర్శనలకే ఆగిపోయింది. ఆ తర్వాతి ఏళ్ళలో అవకాశాలు తగ్గాయి. అయినా రాయడం మానలేదు. మొత్తం 150కి పైగా కృతులు రాశారు. అందులో అయిదు సింఫనీలు, ఎనిమిది ఒపెరాలు. 1978 డిసెంబరు 3న, 83 ఏళ్ళ వయసులో లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు.

పట్టా ఇవ్వకుండానే బయటికి వెళ్ళనిచ్చిన విల్బర్‌ఫోర్స్ 1936లో గౌరవ పట్టా ఇచ్చింది. ఫీజు తీసుకోకుండా పాఠం చెప్పిన ఓబర్లిన్ 1947లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. కొడుకు డాక్టరు కావాలన్న అమ్మ కోరిక ఇంకో దారిలో తీరింది.

నేను ఎందుకు ఆగిపోయాను

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వస్తాను. లేమన్ అడిగినప్పుడు స్టిల్ డబ్బు లేదని చెప్పిన చోట నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

డిగ్రీ మొదటి సంవత్సరంలో మా క్లాసులో స్కాలర్‌షిప్ వాళ్ళు నిలబడండి అని పేర్లు చదివేవారు. నిలబడ్డప్పుడు వెనక బెంచీల్లో నవ్వు వినిపించేది. మూడేళ్ళు తల వంచుకుని నిలబడ్డాను. ఒకసారి ఒక సారు వ్యాసం బాగుంది, పోటీకి పంపుదాం, ప్రవేశ రుసుము తీసుకురా అన్నారు. లేదని చెప్పడానికి సిగ్గుపడి, ఆసక్తి లేదని చెప్పి వచ్చేశాను. ఆ అబద్ధం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నిజం చెప్పి ఉంటే ఆయన ఏం చేసేవారో నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం నేనే పోగొట్టుకున్నాను.

స్టిల్ ముగ్గురు గురువుల దగ్గర ఉచితంగా నేర్చుకున్నారు. ముగ్గురి దగ్గరా తల వంచుకుని కూర్చోలేదు. ప్రతి వారం సొంతంగా రాసింది చేతిలో పెట్టుకుని వెళ్ళారు. ఫీజు బదులు ఆ కాగితాలే ఇచ్చారు. చివరికి గురువులు ఇవ్వలేని దాన్ని, అమ్మమ్మ ఇచ్చిన పాటను, వాళ్ళు నేర్పిన విద్యతోనే పైకి తెచ్చారు. ఉచితంగా చదివినవాడు ఎవరికీ బాకీ పడడు. బాకీ ఉంటే అది తన వెనక వచ్చేవాళ్ళకే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన హాస్టల్లో తిన్న అన్నం, కప్పుకున్న దుప్పటి, రాసుకున్న నోటు పుస్తకం మన హక్కుగా వచ్చినవి. వాటి గురించి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. డబ్బు లేదు అని చెప్పాల్సి వస్తే నిలబడి చెప్పండి. కానీ ఆ మాట చెప్పేటప్పుడు మీ చేతిలో మీరు సొంతంగా చేసిన పని ఒకటి ఉండాలి. ఒక లెక్క, ఒక బొమ్మ, ఒక కవిత, ఒక దరువు, ఏదైనా సరే. అన్నలూ, అక్కలూ! మీలో టీచర్లు, ఉద్యోగులు అయినవాళ్ళు చాలామంది ఉన్నారు. డబ్బు లేదని చెప్పిన పిల్లవాణ్ణి అంతటితో వదిలేయకుండా, లేమన్ లాగా ఇంకో నలుగురిని అడిగి చూడండి.

మొన్న పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్నను డప్పు దరువులు వరసగా కొట్టి వినిపించమన్నాను. ఇన్నేళ్ళలో నేను అలా అడగడం అదే మొదటిసారి. ఆయన ముందు నమ్మలేదు. తర్వాత పొద్దుపోయేదాకా కొట్టాడు. ఒక్కో దరువు పేరు అడిగి నోటు పుస్తకంలో రాసుకున్నాను.

మన హాస్టల్ వార్షికోత్సవం జయప్రదం కావాలని కోరుకుంటూ,

మీ పూర్వ విద్యార్థి